ఊతకర్ర నుంచి వాలుదారి దాకా: ఇంటి దగ్గరే ఎలా తయారు చేసుకోవాలి

మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన ఏడాది ఒక శిబిరంలో చక్రాల కుర్చీ ఇచ్చారు. కుర్చీ గట్టిదే, కొత్తదే. కానీ దాని వెడల్పు 26 అంగుళాలు, మా స్నానాల గది గుమ్మం 24 అంగుళాలు. ఆ రెండు అంగుళాల పుణ్యమా అని అది మూడు నెలలపాటు వసారాలో బియ్యం బస్తాకు ఆసనమై కూర్చుంది. ఇచ్చినవారు గుమ్మం కొలత అడగలేదు, తెచ్చుకున్న మేము చెప్పలేదు. ఆ తరువాత ఇంట్లో ఏ ఊతం చేసినా మొదట మనిషిని, ఆపైన ఇంటిని కొలిచి, అప్పుడే రంపం పట్టుకోవడం నేర్చుకున్నాను. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ కోనసీమ పల్లెలో దొరికే వెదురు, సరుగుడు, కొబ్బరి తాడు, పాత సైకిలు ట్యూబులతో ఒక మామూలు వడ్రంగి సాయంతో చేసుకోగలిగినవే.

ఇంట్లో చేయకూడనివి ముందే చెబుతాను. కృత్రిమ కాలు, మెడకూ వెన్నుకూ కట్టే పట్టీలు, వెన్ను ఒక పక్కకు వంగుతున్న పిల్లల కుర్చీ, వీటి జోలికి వెళ్ళవద్దు. అవి సరిగా కుదరకపోతే పుండు పడుతుంది, లేదా వంకర ఇంకా పెరుగుతుంది. వీటి కోసం ఫిజియోథెరపిస్టును కలవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగులకిచ్చే ప్రత్యేక గుర్తింపు కార్డు చేయించుకుంటే, కేంద్రప్రభుత్వపు అడిప్ పథకం కింద కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ తయారుచేసే మూడు చక్రాల బండి, చంకకర్రలు, వినికిడి యంత్రం వంటివాటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు నడుస్తున్నన్నాళ్ళూ మంచంమీదే ఉండక్కరలేదు కనుక, మిగిలినవి మనం చేసుకోవచ్చు.

కొలతకు ముందు

టేపు చేతిలోకి తీసుకునే ముందు ఒక రోజంతా ఆ మనిషి వెంట ఉండి చూడండి. మంచం మీదనుంచి లేచేటప్పుడు ఏ చేతిని ఎక్కడ ఆనిస్తున్నారు, వసారా దాటేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు, దొడ్లోకి ఎన్నిసార్లు వెళుతున్నారు, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు అన్నవి గమనించి కాగితంమీద రాసుకోండి. మా ఇంట్లో నాన్నగారు నడిచే దారిలో గోడమీద సున్నం ఒక చోట నూనె మరకలా మాసిపోయి ఉండేది. ఆయన రోజూ ఎడమ అరచేయి ఆనించే చోటు అదే. చేతిపట్టు కడ్డీ ఎంత ఎత్తులో బిగించాలని మేస్త్రీ అడిగితే నేను ఆ మరక చూపించాను. పుస్తకాల్లో నేలనుంచి 32 నుంచి 36 అంగుళాలు అని ఉంటుంది. మా గోడమీది మరక 33 దగ్గర ఉంది.

రెండోది, అడగండి. నడిచేది ఆయన, ఊతం ఆయనది. వారిని పక్కన కూర్చోబెట్టి, ఇంట్లో మిగిలినవాళ్ళు తమలో తాము మాట్లాడుకుని తేల్చేసిన వస్తువు చాలాసార్లు మూలనే పడి ఉంటుంది.

చేతికర్ర

ఒక కాలు బలహీనంగా ఉండి, చేతుల్లో బలం ఉండి, కొద్దిపాటి తూలుడు మాత్రమే ఉన్నవారికి చేతికర్ర చాలు. రెండు కాళ్ళూ నిలవనివారికి ఇది సరిపోదు.

కొలత ఇలా తీయాలి. మనిషిని గోడకు దగ్గరగా నిటారుగా నిలబెట్టి, చేతులు రెండూ పక్కలకు వదిలేయమనండి. నేలనుంచి మణికట్టు మడత వరకు ఎంత ఉందో అంత ఎత్తులో కర్ర పిడి పైభాగం ఉండాలి. కింద తొడిగే రబ్బరు బుష్ మందం కూడా ఈ ఎత్తులోనే కలిసి ఉండాలి. ఎక్కువసేపు చెప్పులతో నడిచేవారికి చెప్పులతోను, ఇంట్లోనే తిరిగేవారికి వట్టికాళ్ళతోను కొలవండి. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇంట్లో చెప్పులు వేసుకోరు కనుక ఈ చిన్న తేడాను చాలామంది మరచిపోతారు. కొలత సరిగా ఉంటే కర్ర పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా, అంటే 15 నుంచి 30 డిగ్రీల మధ్య వంగుతుంది. కర్ర పొడుగైతే ఆ వైపు భుజం చెవి దగ్గరకు లేస్తుంది, పొట్టిదైతే మనిషి ఆ పక్కకు వాలిపోతాడు. అద్దం అక్కరలేదు, వెనకనుంచి చొక్కా భుజాల గీత చూస్తే తెలిసిపోతుంది.

ఇక కలప. నేను మొదట మా దొడ్లో ఉన్న తుమ్మతో చేశాను. గట్టిదనం చూసి మురిసిపోయాను. నాన్నగారు దాన్ని పట్టుకుని వసారా ఆ కొసనుంచి ఈ కొస దాకా నడిచి, "ఒరేయ్, ఈ కర్ర నన్ను మొయ్యాలా, నేను దీన్ని మొయ్యాలా?" అన్నారు. అప్పుడు వెదురుకు మారాను. ఏజెన్సీ అడవుల నుంచి వచ్చే వెదుర్లలో లోపలి బోలు తక్కువగా, గోడ మందంగా ఉన్న గడను ఏరుకోండి. కర్ర మందం ఒక అంగుళం, మహా అయితే అంగుళంపావు ఉంటే చాలు. పచ్చి వెదురైతే నెలరోజులు నీళ్ళలో నానవేసి, ఆ తరువాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. నానినప్పుడు వెదురులోని పిండి పదార్థం నీటిలోకి పోవడంవల్ల పుచ్చు పట్టడం తగ్గుతుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు కనుక అప్పుడు నానవేసేవారికి చెరువే దిక్కు.

ఆరిన గడను కొలతకంటే రెండు అంగుళాలు ఎక్కువగా కోయండి. కింది కొస ఒక కణుపుకు సరిగ్గా దిగువన తెగేలా చూసుకోండి. కణుపు దగ్గర వెదురు మూసుకుని ఉంటుంది కనుక ఆ కొస పగలదు, నీళ్ళు లోపలికి పోవు. కణుపుల మధ్య కోసిన కర్ర మొదటి వానలోనే చీలుతుంది. పై కొసలో బోలును వేపచెక్క చీలతో బిగించి, దానిమీద నాలుగున్నర అంగుళాల పొడవూ అంగుళంపావు మందమూ ఉన్న అడ్డపిడిని అమర్చి, నట్టుబోల్టుతో బిగించాలి. మేకు కొట్టవద్దు, వెదురు చీలిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవారు స్టీలు బోల్టులే వాడాలి. మామూలు ఇనుము ఉప్పుగాలికి ఏడాది తిరగకుండానే తుప్పు పట్టి వదులవుతుంది. పిడిని గరుకు కాగితంతో అరచేతికి ఏమీ తగలనంత నునుపుగా రుద్ది, పట్టు తక్కువగా ఉన్న చేతికైతే దానిమీద సైకిలు ట్యూబు ముక్క తొడగండి.

ఇప్పుడు కర్రను మనిషి చేతికిచ్చి నడిపించి చూసి, ఎక్కువ ఉన్న పొడవును కింద కాకుండా పిడి వైపు తగ్గించండి. కింది కణుపును కదపకూడదు కదా. అన్నీ కుదిరాక రబ్బరు బుష్ తొడగాలి. మందుల షాపుల్లో దొరుకుతుంది. బుష్ అడుగున ఉన్న గీతలు అరిగి నునుపయ్యాక అది రబ్బరు కాదు, సబ్బు. అప్పుడే మార్చేయండి. ఒకటి అదనంగా కొని ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

మన నేల సంగతి వేరే చెప్పాలి. శ్రావణ భాద్రపదాలలో నల్లరేగడి మీద చేతికర్ర మోపితే అర అడుగు దిగిపోతుంది, లాగేటప్పుడు మనిషి తూలతాడు. దీనికి పాత లారీ టైరునుంచి నాలుగు అంగుళాల వెడల్పున గుండ్రటి బిళ్ళ కోసి, మధ్యలో రంధ్రం చేసి, బుష్‌కు కొద్దిగా పైన బిగుతుగా దూర్చి పెట్టుకోవచ్చు. కర్ర కాస్త దిగగానే బిళ్ళ మట్టిమీద ఆనుతుంది. ఇంట్లోకి వచ్చేటప్పుడు దాన్ని తీసేయాలి. బురద అంటిన బిళ్ళ గచ్చుమీద జారుతుంది.

చివరిగా, పట్టుకునే పద్ధతి. కర్ర బలహీనమైన కాలివైపు కాదు, మంచి కాలివైపు చేతిలో ఉండాలి. కర్రా, బలహీనమైన కాలూ ఒకేసారి ముందుకు పడాలి, ఆ తరువాత మంచికాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రతోపాటు బలహీనమైన కాలు ముందు. మొదటి వారంరోజులూ ఒకరు బలహీనమైన పక్కన, అరడుగు వెనకగా నడవాలి. చేయి పట్టుకుని ముందుకు లాగకూడదు.

చంకకర్రలు

ఒక కాలిమీద బరువే మోపలేనివారికి, పోలియో వచ్చినవారికి ఇవి కావాలి. మొత్తం పొడవు ఉజ్జాయింపుగా మనిషి ఎత్తులోనుంచి 16 అంగుళాలు తీసివేస్తే వస్తుంది. అయిదడుగుల నాలుగు అంగుళాల మనిషికి 48 అంగుళాలన్నమాట. అది ఉజ్జాయింపే. నిలబెట్టి, కర్ర కొసను పాదానికి ఆరు అంగుళాలు ముందుకూ పక్కకూ మోపి చూసినప్పుడు, చంకకూ కర్ర పైభాగానికీ మధ్య రెండు వేళ్ళో మూడు వేళ్ళో పట్టాలి. అడ్డపిడి మణికట్టు మడత ఎత్తున ఉండాలి.

ఆ రెండు మూడు వేళ్ళ ఖాళీ ఎందుకో వాడేవారికి వివరంగా చెప్పండి. ఈ కర్ర పేరులోనే చంక ఉంది కనుక బరువంతా చంకమీదే వేయాలని అందరూ అనుకుంటారు. అది తప్పు. బరువు అరచేతులమీద పడాలి, పైభాగాన్ని పక్కటెముకలకు నొక్కిపట్టుకోవాలి. చంకలోనుంచి చేతికి పోయే నరాలు రోజుల తరబడి నలిగితే వేళ్ళు తిమ్మిరెక్కి, మణికట్టు ఎత్తలేక చేయి వేలాడిపోతుంది. కర్రలు వాడుతున్నవారు చేయి తిమ్మిరి అన్నారంటే, వెంటనే కొలత తిరిగి చూడాలి.

తయారీకి అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న రెండు కర్రబద్దలు ఒక్కో కర్రకు తీసుకోండి. టేకు ముక్కలైతే తేలిక. రెండు బద్దల పైకొసల మధ్య ఏడు అంగుళాల చంకపట్టు, మణికట్టు ఎత్తున అడ్డపిడి బిగించి, కింది కొసల మధ్య ఒకే ఒక కాలుబద్దను ఇరికించి రెండు బోల్టులతో బిగించాలి. ఆ కాలుబద్దకు అంగుళానికి ఒకటి చొప్పున అయిదారు రంధ్రాలు చేసి ఉంచితే ఎత్తు మార్చుకోవచ్చు. ఎదిగే పిల్లలకు ఇది తప్పనిసరి. లేకపోతే ప్రతి సంక్రాంతికీ కొత్త కర్ర చేయవలసి వస్తుంది. చంకపట్టుమీద గుడ్డ చుట్టి, పైన మెత్తని రెగ్జిను కుట్టండి. నవారు చుట్టిన చంకపట్టు చెమటకు చర్మాన్ని ఒరిపిస్తుంది.

ఇచ్చే ముందు పరీక్ష చేయండి. వాడేవారికంటే బరువైన మనిషి ఆ కర్రలమీద పూర్తిబరువు వేసి పదిసార్లు ఊగాలి. కిర్రుమన్న చోట బోల్టు బిగించండి, చీలిక కనిపిస్తే ఆ బద్ద పారేయండి.

గడప, మెట్లు

లంక గ్రామాలలో వరదకు భయపడి ఇళ్ళ పునాదులు ఎత్తుగా కడతారు. మంచి పనే, కానీ చక్రాల కుర్చీకి అదే పెద్ద అడ్డం. వాలుదారికి లెక్క ఒక్కటే. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. ఏడేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 21 అంగుళాలు, దారి పొడవు 21 అడుగులు. ఇంత పొడవు విని చాలామంది నిరుత్సాహపడి ఎనిమిదడుగులతో సరిపెడతారు. అలాంటి దారిమీద ఎక్కేవాడు వెనక్కి తిరగబడతాడు, దిగేవాడు ముందుకు బోర్లాపడతాడు. వాకిలి చాలకపోతే గోడ వెంబడి సగం వేసి, అయిదడుగుల చదరపు మలుపు కట్టి, మిగతా సగం వెనక్కి తిప్పండి. వెడల్పు మూడు అడుగులకు తగ్గకూడదు. రెండు అంచులకూ మూడు అంగుళాల ఎత్తు ఇటుక కట్టు ఉంటే చక్రం పక్కకు జారదు. సిమెంటు తడిగా ఉండగానే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. నునుపైన గచ్చు వానాకాలంలో నాచుపట్టి జారుతుంది.

గడప సంగతి వేరు. పసుపురాసి బొట్టు పెట్టే గడపను తీయించమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పించనక్కరలేదు కూడా. గడప ఎత్తు మూడు అంగుళాలైతే, లోపలికొకటి బయటికొకటి మూడేసి అడుగుల పొడవున్న చెక్కవాలు పలకలు చేయించి ఆనించండి. కడుగుకునే రోజున తీసి పక్కన పెట్టుకోవచ్చు. పలకల అడుగున ట్యూబు ముక్కలు అంటిస్తే కదలవు.

మరుగుదొడ్డి కుర్చీ

మోకాళ్ళు వంగనివారికి గొంతుకూర్చునే దొడ్డిమీద పెట్టుకునే కుర్చీ ఇది. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కంత కోసి వాడుకోమని చాలామంది చెబుతారు. మేమూ అదే చేశాం. సీటు కోసేసరికి కుర్చీ బలం పోయింది. నాలుగో రోజున తడి టైలుమీద దాని వెనక కాళ్ళు రెండూ ఎడంగా జారి, నాన్నగారు గోడ అందబట్టి సరిపోయింది కానీ లేకపోతే తుంటి విరిగేది. ఆ కుర్చీని అదే రోజు విరగ్గొట్టాను.

చెక్కతో చేయించండి. మనిషి కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆని ఉండగా, నేలనుంచి మోకాలి వెనక మడత వరకు కొలవండి. చాలామందికి అది 16 నుంచి 18 అంగుళాలు. లేవడం కష్టమైనవారికి రెండు అంగుళాలు కలపండి. వేపకాళ్ళు రెండేసి అంగుళాల మందంతో, కిందికి పోయేకొద్దీ కొంచెం ఎడంగా ఉండాలి. నాలుగు పక్కలా అడ్డకమ్మీలు వేయాలి, కానీ ముందుదాన్ని పైకి వేయిస్తేనే పాదాలు లోపలికి లాక్కుని లేవడానికి వీలవుతుంది. పీటలో కంత ఎనిమిది అంగుళాల వెడల్పు, పదకొండు పొడవు ఉండి, ముందువైపు తెరిచి ఉంటే కడుక్కోవడానికి చేయి పోతుంది. కంత అంచును బాగా గుండ్రంగా అరగదీసి, మొత్తానికి మూడు పూతలు ఎనామిలు రంగు వేయండి. చేతులు ఆనించే కమ్మీలు రెండువైపులా తప్పనిసరి. కాళ్ళకు రబ్బరు బుష్‌లు తొడగాలి. పక్షవాతం వచ్చినవారికి మంచి చేతివైపున చెంబు, నీళ్ళ బకెట్టు ఉండాలి.

ఎక్కువసేపు కూర్చునేవారి గురించి ఇక్కడే ఒక మాట. నడుం కింద స్పర్శ లేనివారికి సైకిలు ట్యూబును గుండ్రంగా చుట్టి దానిమీద కూర్చోబెట్టడం మన ఊళ్ళలో అలవాటు. అది వద్దు. ఆ చుట్ట అంచు చుట్టూరా రక్తాన్ని ఆపి, మధ్యలోనే పుండు పుట్టిస్తుంది. మెత్తని పరుపు ముక్క వేసి, ప్రతి అరగంటకూ చేతులమీద కాస్త లేవమనండి. మంచంమీద ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్క తిప్పాలి. రాత్రి పడుకునే ముందు పిరుదులు, మడమలు చూడండి. నొక్కితే తెల్లబడని ఎరుపు ఉంటే ఆ చోటుమీద బరువు పూర్తిగా ఆపేయాలి.

పళ్ళెం

కుడిచేయి పడిపోయినవారు ఎడమచేత్తో తినవలసి వస్తుంది. పెద్దలకు ఇది ఆకలికంటే పెద్ద బాధ. బంతిలో కూర్చోవడం మానేస్తారు. వారి ముందు ఆ ప్రస్తావన తేకండి. పళ్ళెం కింద తడిగుడ్డ పరిస్తే జారదు. అంచు ఎత్తుగా ఉండే లోతైన పళ్ళెం ఇస్తే, అన్నాన్ని ఆ గోడకు నెట్టి ముద్ద చేసుకోవచ్చు. చెంచా పట్టగలిగీ వేళ్ళు బిగియనివారికి, చెంచా కాడకు గుడ్డ చుట్టి పైన ట్యూబు తొడిగి గుప్పిట నిండేంత లావు చేయండి. అసలు పట్టేలేని చేతికి, అరచేతి చుట్టూ తిరిగే వెల్క్రో పట్టీ కుట్టించి, దానిలో చెంచా కాడ దూరే చిన్న జేబు పెట్టిస్తే చాలు.

చూపు లేనివారికి దారితాడు

చూపు పోయినవారు ఇంట్లో బాగానే తిరుగుతారు. చిక్కంతా వెనక వసారానుంచి మరుగుదొడ్డివరకు, బోరింగు పంపువరకు ఉన్న ఖాళీ జాగాలో వస్తుంది. ఆ దారి వెంబడి ఎనిమిదేసి అడుగులకొక సరుగుడు గుంజ పాతి, వారి నడుం ఎత్తున వేలుమందం కొబ్బరి తాడు బిగించండి. అంబాజీపేట వైపు మంచి తాడు దొరుకుతుంది. దాని గరుకుదనమే ఇక్కడ మేలు, వానలోనూ చేతికి పట్టు దొరుకుతుంది. మలుపు వచ్చే ముందు ఒక ముడి, మెట్టు వచ్చే ముందు రెండు ముళ్ళు వేయండి. మెట్టు మొదట్లో ఒక కొబ్బరిపీచు పట్ట పరిస్తే పాదానికి కూడా తెలుస్తుంది. ఆ పట్టను ఊడ్చేటప్పుడు తీసి, తిరిగి సరిగ్గా అక్కడే వేయాలి. వీధిలోకి వెళ్ళేవారికి రొమ్ము ఎముక ఎత్తు వరకు వచ్చే సన్నని వెదురుకర్రకు తెల్లరంగు వేసి ఇవ్వండి. తెల్లకర్రను చూసి లారీవాడైనా ఆగుతాడు, మామూలు కర్రను చూసి ఆగడు.

తాడు ఎండావానలకు సాగి కిందికి వేలాడుతుంది. నెలకొకసారి బిగించాలి. బిగించిన ప్రతిసారీ ముళ్ళు జరుగుతాయి కనుక వాటిని విప్పి తిరిగి సరైన చోట వేయాలి, కొత్త చోట్లు వారిచేతే తడిమి చూపించాలి.